రోజుకో మిల్లీమీటరు

పొద్దున లేచి నోరు పుక్కిలిద్దామంటే నీళ్లు ఒక పక్కనుంచి కారిపోతాయి. అద్దంలో చూసుకుంటే ఒక కన్ను మూతపడదు. నవ్వబోతే మూతి రెండో వైపుకే లాక్కుపోతుంది. రాత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నావు, చల్లగాలి కొట్టిందని ఇంట్లో పెద్దవాళ్లు తేల్చేస్తారు. పక్షవాతమేమోనని పక్కింటివాళ్లు గుండెల్లో రాయి వేస్తారు. చాలామందిలో అసలు సంగతి వేరు. చెవి వెనక ఎముకలోంచి వచ్చే ఒక సన్నటి నరం వాచిపోయి ఉంటుంది. డాక్టర్లు దాన్ని ఫేషియల్ నర్వ్ అంటారు, మనం ముఖ నరం అనుకుందాం. అది వాస్తే ఏమవుతుంది, తెగితే ఏమవుతుంది, తెగినదాన్ని మళ్లీ మొలిపించడానికి రొయ్య పొట్టు నుంచి పాలపళ్ల దాకా ఏమేం వాడి చూశారు అని చదువుతూ పోతుంటే ఒక సంగతి నన్ను పట్టుకుని వదల్లేదు. నరం మొలవడం అంత కష్టం కాదట. మొలిచింది సరైన ఇంటికి చేరడమే కష్టమట.

ఎముకలో సొరంగం

మెదడు నుంచి నేరుగా బయల్దేరే నరాలు 12 జతలు. ముఖ నరం వాటిలో 7వది. బయటికి వచ్చే ముందు ఇది చెవి దగ్గరి ఎముకలో సుమారు 3 సెంటీమీటర్ల వంకరటింకర సొరంగం గుండా నడుస్తుంది. ఒంట్లో ఇంకే నరమూ ఇంత దూరం ఎముక లోపల ప్రయాణించదు. ఆ సొరంగానికి 16వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు ఫల్లోపియో పేరు పెట్టారు. ఆడవారి గర్భాశయం పక్కనుండే ఫల్లోపియన్ ట్యూబుల్లో ఉన్నదీ ఆయన పేరే. సొరంగం అన్నిటికంటే ఇరుకైన చోట మిల్లీమీటరు వెడల్పు కూడా ఉండదు. నరం వాస్తే పక్కకు జరగడానికి జాగా లేదు, చుట్టూ ఎముక. తన వాపుతో తానే నలిగిపోతుంది.

సొరంగం దాటాక గవదబిళ్లలు వచ్చినప్పుడు ఉబ్బుతుందే, ఆ గ్రంథిలోకి దూరి అక్కడ అయిదు పాయలుగా చీలుతుంది. నుదుటికొకటి, కంటికొకటి, బుగ్గకొకటి, కింది దవడకొకటి, మెడకొకటి. అందుకే ఆ గ్రంథిలో గడ్డ తీయాల్సి వచ్చినప్పుడు సర్జన్లు అంత ఆచితూచి కత్తి పెడతారు.

కండరాలను ఆడించడమే దీని పని అనుకుంటే పొరపాటు. నాలుక ముందు భాగపు రుచి దీని గుండానే మెదడుకు చేరుతుంది. కన్నీటి గ్రంథికి కబురు వెళ్లేదీ దీంతోనే. చెవి లోపల ఒంట్లోకెల్లా చిన్న కండరం ఒకటుంది. పెద్ద శబ్దం వచ్చినప్పుడు బిగుసుకుని చెవిని కాపాడుతుంది. దానికీ ఈ నరమే దిక్కు. మూతి వంకర పోయినవాళ్లు కొందరు గిన్నెల చప్పుడు కూడా భరించలేకపోతున్నామని చెప్పేది అందుకే.

నుదురు చెప్పే రహస్యం

కనుబొమలు పైకెత్తమంటే రెండు వైపులా నుదుటి ముడతలు పడుతున్నాయా? మూతి మాత్రమే వంకరగా ఉందా? అలాగైతే మెదడులో ఏదో జరిగిందని అనుమానించాలి, క్షణం ఆగకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి. నుదుటికి మెదడు రెండు భాగాల నుంచీ ఆజ్ఞలు వస్తాయి కాబట్టి ఒక భాగం దెబ్బతిన్నా అది కదులుతుంది. నుదురు కూడా ఒక పక్కన చదునుగా ఉండిపోతే తప్పు చాలావరకు నరానిదే. ఏదైనా సరే, తేల్చాల్సింది డాక్టరే, ఇంటి అద్దం కాదు.

బొమ్మలు గీసిన డాక్టరు

ఈ జబ్బుకు బెల్స్ పాల్సీ అని పేరు తెచ్చిన చార్లెస్ బెల్ ఎడిన్‌బరోలో పుట్టిన సర్జన్, చేయి తిరిగిన చిత్రకారుడు కూడా. 1806లోనే చిత్రకారుల కోసం ముఖ కవళికల శరీర శాస్త్రం మీద పుస్తకం రాశాడు. 1815లో వాటర్లూ యుద్ధం ముగియగానే బ్రసెల్స్ వెళ్లి గాయపడ్డ సిపాయిలకు ఆపరేషన్లు చేసి, వాళ్ల బొమ్మలూ గీశాడు. ముఖాన్ని ఆడించే నరం ఏదో, ముఖానికి స్పర్శనిచ్చే నరం ఏదో విడదీసి చెప్పే ప్రయత్నం 1821లో చేశాడు. జబ్బును మొదట గుర్తించింది మాత్రం ఆయన కాదు. అంతకు సుమారు వెయ్యేళ్ల ముందే పర్షియా వైద్యుడు అల్ రాజీ దీని గురించి రాశాడు. మన ఆయుర్వేదంలో దీని పేరు అర్దితం.

ఇక ఒక మంచి మాట. బెల్స్ పాల్సీ వచ్చినవాళ్లను మందేమీ ఇవ్వకుండా కోపెన్‌హాగెన్‌లో ఏళ్ల తరబడి గమనిస్తే 71 శాతం మంది పూర్తిగా బాగుపడ్డారు. 2007లో స్కాట్లాండ్ వైద్యులు 72 గంటల్లోపు ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టి చూశారు. 9 నెలల నాటికి మందు వాడినవారిలో 94 శాతం, వాడనివారిలో 82 శాతం దాకా మామూలు ముఖంతో ఉన్నారు. చవకైన పాత స్టెరాయిడ్ మాత్ర అది. మూలకణాలు, సాలీడు పట్టు అని ఇకముందు చెప్పబోయేదంతా ఈ మాత్రతో తేలనివాళ్ల గొడవ. యాక్సిడెంటులో నరం తెగినవాళ్లు, చెవి ఎముక విరిగినవాళ్లు, గడ్డతో పాటు నరం ముక్కనూ కోసేయాల్సి వచ్చినవాళ్లు అన్నమాట.

కప్ప నాలుక చెప్పిన కథ

1850లో లండన్‌లో ఆగస్టస్ వాలర్ అనే వైద్యుడు కప్ప నాలుకకు వెళ్లే నరాలు కోసి, తరవాత ఏమవుతుందో సూక్ష్మదర్శినిలో చూశాడు. మెదడు వైపున్న ముక్క బతికింది. నాలుక వైపున్న ముక్క చివరి దాకా పొడిపొడి అయిపోయింది. కరెంటు తీగ తెగితే రెండు కొసలూ మెలేసి టేపు చుట్టినట్టు నరాన్ని అతికేయవచ్చని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అతికించినా అవతలి ముక్కలోని పాత తంతువులు బతకవు. చెట్టు కొట్టేసిన మోడు నుంచి చిగురు వచ్చినట్టు ఇవతలి కొస నుంచి కొత్త తంతువులు పుట్టి, నడుచుకుంటూ వెళ్లాలి.

ఆ ఖాళీ అయిన ముక్కలో జరిగేది నన్ను బాగా ఆకట్టుకున్న భాగం. నరపు తంతువులకు తొడుగు వేసి ఉండే కణాలను జర్మనీ శాస్త్రవేత్త పేరు మీద ష్వాన్ కణాలంటారు. తంతువు చనిపోగానే ఇవి తమ పాత ఉద్యోగం వదిలేస్తాయి. తాము కట్టిన కొవ్వు తొడుగును తామే విప్పి తినేస్తాయి, మిగతా చెత్తను ఊడ్చడానికి రక్తంలోని కణాలను పిలుస్తాయి. ఆ తరవాత ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబడి, పెరుగుదలకు కావలసిన రసాయనాలు వదులుతూ, రాబోయే తంతువుకు దారి చూపిస్తాయి. పాత ఇల్లు కూల్చి, రాళ్లు ఏరి, కొత్త పునాదికి ముగ్గు పోసి నిలబడ్డ మేస్త్రీల లాగా.

ఇవతల మోడు దగ్గర మొలిచే తంతువు కొసకు చేయి ఆకారంలో ఒక ఉబ్బు ఉంటుంది. వేళ్లు చాపి తడుముకుంటూ ముందుకు పోతుంది. దాన్ని 1890లో కోడిపిండంలో చూసి పేరు పెట్టినవాడు స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్, 1906లో నోబెల్ అందుకున్నాడు. దాని వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మన చేతిగోరు పెరిగేదానికి పది రెట్లు. వినడానికి బాగానే ఉంది. కానీ చెవి దగ్గర నుంచి మూతి కొసకు 10 సెంటీమీటర్లు అనుకుంటే మూడు నాలుగు నెలలు పడుతుంది, అదీ అన్నీ సవ్యంగా సాగితే.

గడువు

ఇటు నరం నెమ్మదిగా వస్తుంటే, అటు దాని కోసం ఎదురుచూస్తున్న కండరం రోజురోజుకీ ఎండిపోతుంటుంది. ఏడాది, ఏడాదిన్నర దాటితే చాలా కండరాలు ఇక పలకవు. నీళ్లు వచ్చేసరికి పైరు మాడిపోయిన కాలవ చివరి పొలం గుర్తొచ్చింది నాకు.

తన చెయ్యి తానే కోయించుకున్నాడు

తెగిన నరం మళ్లీ మొలుస్తుంటే తమకేమనిపిస్తోందో రోగులు సరిగ్గా చెప్పడం లేదని ఇంగ్లండు నరాల వైద్యుడు హెన్రీ హెడ్‌కు అసంతృప్తి. 1903 ఏప్రిల్ 25న తన ఎడమ చేతి నరాన్ని ఒక సర్జన్ చేత కోయించి కుట్టించుకున్నాడు. కేంబ్రిడ్జిలో మిత్రుడు రివర్స్ నాలుగేళ్ల పాటు సూదులతో, చన్నీళ్లతో, వేన్నీళ్లతో, దూదితో ఆ చేతిని పరీక్షిస్తూ స్పర్శ ఏ వరసలో తిరిగొచ్చిందో రాసిపెట్టాడు.

అన్నం తింటుంటే కన్నీళ్లు

నరం మొలిచింది. కండరం బతికుంది. అయినా కథ చెడవచ్చు. ముఖ నరంలో సుమారు పదివేల తంతువులుంటాయి. ఒక్కో తంతువుకు ఒక్కో చిరునామా. తెగిన చోట ఆ చిరునామాలన్నీ కలగాపులగమవుతాయి. మూతికి పోవాల్సిన తంతువు కంటికి పోతే? ఆ మనిషి నవ్వినప్పుడల్లా కన్ను మూసుకుంటుంది, కన్ను ఆర్పినప్పుడల్లా మూతి అదురుతుంది. ఎదుటివాడు కన్ను కొట్టాడని అపార్థం చేసుకుంటే పాపం ఆయన ఏం చెప్పుకుంటాడు? లాలాజల గ్రంథికి పోవాల్సిన తంతువులు కన్నీటి గ్రంథికి చేరితే మరీ విచిత్రం. విస్తరి ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోగానే ఒక కంట ధారగా నీళ్లు. ఆవకాయ ఘాటుకు కాదు, పెరుగన్నం తిన్నా అంతే. దీనికి మొసలి కన్నీళ్లని పేరు. 1928లో బొగొరాద్ అనే రష్యన్ వైద్యుడు దీన్ని వర్ణించాడు.

ముడతలు పోగొట్టుకోవడానికి సినిమావాళ్లు వేయించుకుంటారని మనం వినే బొటాక్స్, ఈ దారి తప్పిన కండరాలను కొన్ని నెలల పాటు నిద్రపుచ్చడానికి బాగా పనికొస్తుంది.

భుజం ఎగరేస్తే నవ్వు

సొంత నరం మొలిచే దారి లేనప్పుడు పక్క నరాన్ని అరువు తెచ్చుకోవచ్చు. 1895లో లండన్ సర్జన్ చార్లెస్ బాలన్స్ ముఖ నరాన్ని భుజం ఎగరేసే నరానికి కలిపి కుట్టాడు. ముఖం కదిలింది కానీ, కదలాలంటే భుజం ఎగరేయాలి. చెయ్యి ఎత్తితే మొహం అదురుతుంది. తరవాతివాళ్లు నాలుకను ఆడించే నరం వాడారు. ఇప్పుడు చాలామంది సర్జన్లకు ఇష్టమైనది నమిలే కండరపు నరం. పళ్లు బిగిస్తే నవ్వు వస్తుంది. కొన్ని నెలలు అద్దం ముందు సాధన చేశాక పళ్లు బిగించకుండానే నవ్వగలిగినవాళ్లు ఉన్నారు. మెదడు కొత్త తాళంచెవికి అలవాటు పడిపోతుంది.

ఇంకో దారి, బాగున్న వైపు నరం నుంచి కరెంటు తెచ్చుకోవడం. 1970ల్లో మొదలైన పద్ధతి ఇది. పిక్కలో నుంచి ఒక నరం తీసి, పై పెదవి మీదుగా ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు వంతెనలా వేస్తారు. అది మొలిచి అవతలికి చేరడానికి 9 నెలల నుంచి ఏడాది. అప్పటికి ఆ వైపు కండరం ఉండదు కాబట్టి లోతొడలోని సన్నటి కండరం ఒకటి తెచ్చి బుగ్గలో పెట్టి, రక్తనాళాలు కుట్టి, ఈ నరం తగిలిస్తారు. తొడ కండరాన్ని ఇలా ముఖానికి తేవడం జపాన్ సర్జన్ హరీ 1976లో లోకానికి చూపించిన పద్ధతి. కుట్టే దారం వెంట్రుక కంటే సన్నం. చెబితే నమ్మశక్యంగా ఉండదు కానీ, నవ్వుతున్నది తొడ.

దీనికో ఖరీదు ఉంది. పిక్క నరం తీశాక పాదం బయటి అంచు మొద్దుబారిపోతుంది. ఒకచోటి నరం కోసి ఇంకోచోట పెట్టకుండా, ఖాళీని మరో దానితో నింపలేమా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. మొలిపించే వైద్యం, అంటే రీజెనరేటివ్ మెడిసిన్, ముఖ నరం దాకా వచ్చింది ఆ ప్రశ్నతోనే.

ఎముక గొట్టం నుంచి రొయ్య పొట్టు దాకా

రెండు కొసల మధ్య గొట్టం పెడితే నరం అందులోంచి అవతలికి పోతుందన్నది 1880ల నాటి ఊహే. సున్నం తీసేసిన ఎముకతో గొట్టాలు చేసి జంతువుల్లో పెట్టి చూశారు. ఇప్పటి గొట్టాలు కొలాజెన్‌తోనూ, ఒంట్లో తనంతట కరిగిపోయే కుట్టుదారపు పదార్థంతోనూ చేస్తారు. లోపల కొన్ని రోజులకు ఫైబ్రిన్ పోగు ఒకటి తాడులా తయారవుతుంది. ష్వాన్ కణాలు దాని మీద ఎక్కి పోతాయి, వాటి వెనక తంతువులు. ఖాళీ గొట్టంతో 3 సెంటీమీటర్లు దాటించడం గగనం. అంతకు మించితే మధ్యలో తాడు తెగిపోతుంది.

కైటోసాన్ అనే పదార్థంతో చేసిన గొట్టాలు యూరప్‌లో వాడుకలోకి వచ్చాయి. అది రొయ్యలు, పీతల పొట్టు నుంచి తీసేది. దేశంలో రొయ్యలు అన్నిటికంటే ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లో. భీమవరం చుట్టుపక్కల రొయ్య తలలు, పొట్టు పోగుపడ్డ చోట ముక్కు మూసుకుని నడిచినవాళ్లకు, ఆ జాతి పొట్టే ఎవరి నరానికో వంతెన అవుతుందని చెబితే నవ్వుతారు. నేనూ నవ్వాను.

సాలీడు పట్టు

 ఇది సాలీళ్లను పోషించే జర్మన్ ప్రయోగశాల సంగతి. హానోవర్ వైద్య విశ్వవిద్యాలయంలో బంగారు రంగు దారం అల్లే పెద్ద సాలీళ్లను పెంచుతారు. సాలీడును మెత్తగా పట్టి ఉంచి, పొట్ట నుంచి దారం లాగి చుట్టకు చుట్టుకుంటారు. సాలీడు చచ్చిపోదు, మళ్లీ తన గూటికి పోతుంది. ఆ దారాలను ఒక రక్తనాళం లోపల పరిచి గొర్రెల కాలి నరంలో 6 సెంటీమీటర్ల ఖాళీలో పెట్టారు. 2011లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం నరం అవతలికి చేరింది. సాలీడు పట్టు చాలా నెమ్మదిగా కరుగుతుంది, ఒళ్లు దాన్ని పెద్దగా తిప్పికొట్టదు, ష్వాన్ కణాలకు దాని మీద నడక సుఖం. గొట్టం చేయలేని పని లోపలి దారం చేసింది. దారి ఉంటే చాలదు, దారి పొడవునా పట్టుకోవడానికి ఏదో ఉండాలి.

పాలపన్ను

మా చిన్నప్పుడు ఊడిన పాలపన్నును ఇంటికప్పు మీదకు విసిరేవాళ్లం. 2003లో అమెరికాలో పనిచేస్తున్న పిల్లల దంతవైద్యుడు సాంగ్‌టావ్ షీ ఆ పని చేయలేదు. తన కూతురి ఊడిన పంటిలో ఎర్రటి మెత్తని కణజాలం మిగిలి ఉండడం చూసి ప్రయోగశాలకు పట్టుకెళ్లాడు. అందులో మూలకణాలు దొరికాయి.

పంటి గుజ్జుకు ముఖ నరంతో చుట్టరికం ఉంది. పిండంలో వెన్ను దగ్గర పుట్టి ఊరూరా తిరిగే ఒక కణాల గుంపు నుంచే పంటి గుజ్జు వస్తుంది, ష్వాన్ కణాలూ వస్తాయి. ఆ వావి చూసుకునే టోక్యోలో సాసాకి బృందం పంటి గుజ్జు కణాలను గొట్టంలో నింపి ఎలుక ముఖ నరంలో 7 మిల్లీమీటర్ల ఖాళీకి వంతెన వేసింది. 2008లో సిలికోన్ గొట్టంతో, 2011లో కరిగిపోయే గొట్టంతో. కణాలు ఉన్న గొట్టంలో నరం బాగా మొలిచింది.

ఇక్కడ ఒక మాట విడిగా చెప్పాలి. మూలకణాలు పెడితే అవి కొత్త నరమైపోతాయని చాలామంది అనుకుంటారు. ముఖ నరపు అసలు కణం మెదడు కాండంలో కూర్చుని ఉంటుంది, బుగ్గలో మనం చూసేది దాని తోక మాత్రమే. బుగ్గలో సూదితో పోసిన కణం అక్కడిదాకా పోయి నరకణం అవదు. ఆ కణాలు చేసేది చాలావరకు పోషక రసాయనాలు వదలడం, వాపు తగ్గించడం, ష్వాన్ కణాలకు చేయూత. మేస్త్రీకి టీ పట్టుకెళ్లే కుర్రాడి పని. ఆ కుర్రాడు లేకపోతే పని మందగిస్తుంది, నిజమే. అతనొక్కడే ఇల్లు కట్టడు.

మన దేశంలో ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులకు చేసే మార్పిడి వంటివి తప్ప మిగతా మూలకణ చికిత్సలన్నీ అనుమతి ఉన్న క్లినికల్ ప్రయోగాల్లోనే జరగాలి. ప్రయోగంలో చేరినవాడి దగ్గర దానికి డబ్బు పుచ్చుకోకూడదు. ముఖ నరానికి మూలకణాల ఇంజక్షన్, లక్షల ప్యాకేజీ అని ఎవరైనా అంటే ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు.

పడకగదిలో ప్రయోగశాల, పాము విషంలో మందు

రెండో ప్రపంచ యుద్ధ కాలం. యూదులు విశ్వవిద్యాలయాల్లో పనిచేయకూడదని ముస్సోలినీ చట్టం. రీటా లెవీ మోంటాల్చినీ అనే యువ వైద్యురాలు ట్యూరిన్‌లో తన పడకగదినే ప్రయోగశాల చేసుకుంది. కుట్టు సూదులు అరగదీసి శస్త్రాలు చేసుకుంది. కోడిగుడ్లు తెప్పించుకుని పిండాల్లో నరాలు ఎలా పెరుగుతాయో చూసింది. యుద్ధం తరవాత అమెరికా వెళ్లి, నరాలను పెంచే పదార్థం ఏదో ఉందని కనిపెట్టింది. దాన్ని శుద్ధి చేసే పని స్టాన్లీ కోహెన్ చేపట్టాడు. శుద్ధిలో భాగంగా పాము విషం కలిపి చూశాడు. విషంలోని ఎంజైము కొన్ని అనవసర పదార్థాలను తినేస్తుందని ఆయన ఆలోచన. నరాలు తగ్గలేదు సరికదా, అమాంతం పెరిగిపోయాయి. విషంలోనే ఆ పదార్థం పుష్కలంగా ఉంది! పాము విషగ్రంథి మారిన లాలాజల గ్రంథే కదా అని ఎలుకల లాలాజల గ్రంథిలో వెతికారు. మగ ఎలుకలో దండిగా దొరికింది. 1986లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆవిడ 103 ఏళ్లు బతికి 2012లో పోయింది.

ఆ పదార్థం, ఎన్జీఎఫ్, ఎక్కువగా స్పర్శ నరాలకు. కండరాన్ని ఆడించే నరాలకు జీడీఎన్ఎఫ్, బీడీఎన్ఎఫ్ అనే వేరే పోషకాలు కావాలి. మరి జీడీఎన్ఎఫ్ దండిగా పోస్తే సరిపోదా? ఎలుకల్లో పోశారు. తంతువులు అక్కడికి పరిగెత్తుకొచ్చాయి, చుట్టలు చుట్టుకుని అక్కడే ఉండిపోయాయి. ముందుకు కదల్లేదు. శాస్త్రవేత్తలు దీనికి మిఠాయి కొట్టు అని పేరు పెట్టారు. బడికి బయల్దేరిన పిల్లవాడు మిఠాయి కొట్టు దగ్గర ఆగిపోయిన సంగతే.

కుష్ఠు క్రిమి తెలివి

మన ప్రాంతంలో ముఖ నరాన్ని చాలాకాలం పీడించిన జబ్బు కుష్ఠు. రెప్ప మూతపడక, కన్ను ఎండి, చూపు పోయినవాళ్లు ఎందరో. ఆ క్రిమికి ష్వాన్ కణమంటే ప్రీతి. 2013లో ఎడిన్‌బరోలో రాంబుక్కన బృందం చెప్పింది వింటే ఒళ్లు జలదరిస్తుంది. క్రిమి తాను దూరిన ష్వాన్ కణాన్ని వెనక్కి నడిపించి, మూలకణం లాంటి దశకు మార్చేస్తుందట. అలా మారిన కణం ఎక్కడికైనా పోగలదు, దానితో క్రిమీ వ్యాపిస్తుంది. అదే బృందం 2022లో ఆర్మడిల్లో అనే జంతువులో ఇదే క్రిమి కాలేయాన్ని పెంచిందని చూపించింది, పాడు చేయకుండానే. ప్రయోగశాలల్లో మనుషులు కిందామీదా పడుతున్న పనిని ఈ క్రిమి వేల ఏళ్లుగా చడీచప్పుడు లేకుండా చేస్తోంది.

ఎలుక మీసాలకు మర్దన

ఎలుక మీసాలు ఊరికే వేలాడవు, ముందుకూ వెనక్కీ చకచకా ఊగుతుంటాయి. ఊపేది ముఖ నరమే. జర్మనీలోని కొలోన్‌లో అంగెలోవ్ బృందం ఎలుకల ముఖ నరం కోసి కుట్టి, కొన్నిటికి రోజుకు 5 నిమిషాల చొప్పున రెండు నెలలు మీసాల దగ్గర చేత్తో రుద్దింది. రుద్దినవాటి మీసాలు మామూలుగా ఊగాయి, రుద్దనివాటివి ఊగలేదు. తంతువులు దారి తప్పడం రెండింట్లోనూ ఒకేలా ఉంది. తేడా కండరం దగ్గర. ఒక్కో కండరపు పోగు మీద ఒకటికి మించిన తంతువులు ఎగబడే గందరగోళం మర్దనతో తగ్గింది. ఎలుకకు పనికొచ్చింది మనిషికి అచ్చంగా పనికొస్తుందని కాదు, కానీ ఇన్ని కోట్ల ప్రయోగాల నడుమ వేలితో రుద్దడం ఒకటి నిలబడిందంటే ముచ్చటేసింది.

కెనడాలో టెస్సా గోర్డన్ బృందం ఇంకో సులువు పట్టుకుంది. కుట్టిన నరానికి సెకనుకు 20 సార్లు చొప్పున ఒక్క గంట సన్నటి కరెంటు ఇస్తే తంతువులు తెగిన చోటు త్వరగా దాటుతాయి. రెండో గంటతో అదనపు లాభం లేదు.

సుకుబా మట్టి

జపాన్‌లో సుకుబా కొండ మట్టిలో 1984లో దొరికిన సూక్ష్మజీవి నుంచి టాక్రోలిమస్ వచ్చింది. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ల ఒళ్లు కొత్త అవయవాన్ని తిప్పికొట్టకుండా ఇచ్చే మందు. నరాల పెరుగుదలనూ వేగం చేస్తుందని తరవాత జంతువుల్లో తేలింది. 2005 నవంబరులో ఫ్రాన్స్‌లోని అమియాఁలో ఇసబెల్ దినోయిర్‌కు ప్రపంచంలో మొదటిసారి మరొకరి ముక్కు, పెదాలు, గడ్డం అమర్చారు. నరాలు కుట్టారు, ఈ మందూ ఇచ్చారు. కొన్ని నెలలకు ఆ పెదాలు ఆవిడ మాట విన్నాయి.

చీకట్లో మెరిసే నరం

తెగాక అతికించడం కంటే తెగకుండా చూసుకోవడం మేలు కదా. ఆపరేషన్ బల్ల మీద నరం తెల్లగా, చుట్టూ కణజాలం తెల్లగా. జెల్లీచేప మెరుపుల ప్రొటీన్‌తో 2008లో నోబెల్ అందుకున్న రోజర్ షెన్, చెవి వైద్యురాలు క్వయెన్ ఙుయెన్ కలిసి నరాలకు మాత్రమే అంటుకుని మెరిసే ఒక రసాయనం తయారుచేశారు. 2011లో ఎలుకల్లో చూపించారు. ఆ కోవలోని మందు ఇప్పుడు మనుషుల్లో, తల, మెడ ఆపరేషన్లలో పరీక్షల దాకా వచ్చింది.

బంగారు రెప్ప

నరం రోజుకు మిల్లీమీటరు చొప్పున వస్తుంటే నెలల తరబడి కన్ను తెరిచే ఉండాలా? ఎండి, పుండు పడి, చూపు పోదా? అందుకని పై రెప్ప లోపల సుమారు గ్రాము బరువున్న సన్నటి 24 క్యారట్ల బంగారు రేకు పెట్టి కుడతారు. బంగారమే ఎందుకంటే బరువెక్కువ, తుప్పు పట్టదు, ఒంటికి పడుతుంది. రెప్పను పైకెత్తే కండరానికి వేరే నరం ఉంది, అది బాగానే ఉంటుంది. ఆ కండరం వదిలేయగానే బంగారం బరువుకు రెప్ప వాలుతుంది. కూర్చున్నా, నిలబడ్డా చక్కగా పనిచేస్తుంది. వెల్లకిలా పడుకుంటే మాత్రం బరువు రెప్పను మూయదు, అందుకని రాత్రికి ఆయింట్‌మెంటూ, టేపూ తప్పవు. నరం వచ్చి రెప్ప తనంతట తాను మూసుకోవడం మొదలుపెట్టాక ఆ బంగారాన్ని తీసేస్తారు.